చేతుల పుస్తకం

మొదటి రోజు

గవ్వపేటలో దిగి గంట కాలేదు, నా రెండు చేతులకూ పసుపుపచ్చ తొడుగులు తగిలించి మణికట్టు దగ్గర నొక్కేశారు. హాస్టల్లో నా గదిలో ఉన్నంతసేపు విప్పుకోవచ్చు. మళ్ళీ తొడుక్కోకపోతే తలుపు తెరుచుకోదు.

గేటు ఆఫీసులో లావేటి జోగారావు అనే గుమాస్తా ఉన్నాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. కుట్లు ఊడిన నియమాల పుస్తకం ముందేసుకుని, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివి వినిపించాడు. నాకిచ్చింది పని పర్మిట్ కాదు, వ్యాపార విజిటరు చీటీ. పద్నాలుగు రోజులు. మీటింగుల్లో కూర్చోవచ్చు. మా కంపెనీ అమ్మిన యంత్రం గురించి మాట్లాడవచ్చు, చూపించవచ్చు, నేర్పవచ్చు. చేయి మాత్రం పెట్టకూడదు.

"బోల్టు బిగించడం కూడానా?" అన్నాను.

"బోల్టు సంగతి అలగుంచండి తాయారమ్మగారూ. తడిమి సూడడం, తూచి సూడడం, ఏళ్ళతో నలిపి సూడడం, ఇయ్యన్నీ పరీక్ష కిందకొస్తాయి. పరీక్షంటే పనే."

ముప్ఫై ఏళ్ళుగా గాలి పంకాలు బిగించి బతుకుతున్నదాన్ని. నోటికంటే నా చేయి ముందు నడుస్తుంది. "అయితే నన్నెందుకు పిలిచారయ్యా, మా ఆఫీసులో మాటకారులకి కొదవా?" అన్నాను. ఆయన నవ్వలేదు. ఈ పుస్తకం చేతికిచ్చాడు. రోజూ ఆఖరి లైనులో చేతులతో ఏం చేశానో రాసి చూపించాలట. పైన ఏం రాసుకున్నా ఆయన చదవడట.

చందమామ కడుపులో, సొరంగంలో నిలబడి శ్రీకాకుళం మాట వినడం వింతగా ఉంది. వీళ్ళ తాతల ఊళ్ళు సముద్రంలో కలిసిపోతే ఇక్కడికొచ్చి తవ్వుకున్నారు. మా తెనాలి నుంచి వాళ్ళ ఊళ్ళకు రైల్లో ఒక పూట ప్రయాణం ఉండేదట. ఇప్పుడు నేను విదేశీయురాలిని.

హాస్టల్లో ఫలహారానికి గారెలు పెట్టారు. గారెలంటే నాకు ప్రాణం. తీరా చూస్తే చిల్లు లేదు, దళసరి లేదు, నూనెలో పరుచుకుపోయి అప్పడాల తోబుట్టువుల్లా ఉన్నాయి. ఏదో ఒకటి అని తిని, గ్లాసు కడిగి బోర్లించాను. తొడుగులు కీచుమని కూశాయి.

చేతులు: ఒక గ్లాసు కడిగాను.

రెండో రోజు

నా గ్లాసు పుణ్యమా అని హాస్టలు వంటగది తొట్టెకు మూడు రోజులు సీలు వేశారు. విదేశీ చేయి పనిచేసిన వస్తువుకు అదే శిక్ష. నాకేమీ శిక్ష లేదు. ఇరవైమంది పళ్ళాలు పట్టుకుని పక్క సొరంగానికి పోతూ నన్ను చూసిన చూపులే శిక్ష.

"ఒకే సోట రెండోసారి కూసిందనుకోండి, ఆ గది మొత్తం సీలు," అని జోగారావు హెచ్చరించాడు.

"ఇదేం చాదస్తమయ్యా!"

"సాదస్తం కాదమ్మా. నియమం రాసినోళ్ళలో ఒకాయన ఇంకా ఉన్నాడు. ఆయన్నే అడగండి."

ఆ ఒకాయన మైలపల్లి దానయ్య. డెబ్భై ఒకటి. మూడో సొరంగం పాత పంకాను ముప్ఫై ఏళ్ళు నడిపిన మేస్త్రీ. ఇక్కడి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, ఇప్పుడు పంకా పక్కనే ఉన్న దగ్గు వార్డులో మంచం మీద ఉన్నాడు. నా ఆహ్వానపత్రం మీద సంతకం పెట్టిందీ ఆయనే.

"అప్పట్లో అన్నీ కిందనుంచొచ్చినోళ్ళే సేసీవోరు తల్లీ," అన్నాడు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "ఒచ్చీవోరు, బిగించీవోరు, ఎల్లిపోయీవోరు. మావు సూస్తా కూకునీవోళ్ళం. ఒక ఏడు ఓడ రానేదు. పంకా ఆగిపోనాది. దాన్ని ఇప్పడం ఎవలికీ తెలీదు. పందొమ్మిదిమంది పోనారు. అందులో నా పెళ్ళాం ఒకర్తి."

అందుకని రాసుకున్నారు, బయటివాళ్ళు చెప్పాలి, ఊరివాళ్ళు చేయాలి అని. నేను మరి చాదస్తం అన్న మాట ఎత్తలేదు.

చేతులు: ఏమీ చేయలేదు.

నాలుగో రోజు

నేను నేర్పాల్సిన మనిషి సూరాడ పైడితల్లి. ఇరవై ఆరేళ్ళది, దానయ్య శిష్యురాలు. ఆయన్ని ఊరంతా పిలిచినట్టే తాత అంటుంది. నన్ను మొదట అమ్మగారండి అంది, రెండు రోజులకే పిన్నీ అంది. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అంత శ్రద్ధగా వినే మనిషి మా కార్ఖానాలో ఒక్కరూ దొరకరు.

కొత్త పంకా పీటలెక్కింది. ఆ పీటలు పోయడానికి పాత పంకానే కరిగించారు కాబట్టి ఇక దీని మీదే అంతా; ఇది తిరిగేదాకా పక్క సొరంగం నుంచి అరువు గొట్టంలో కాస్త గాలి వస్తోంది. ఈ రోజు బేరింగుల్లో పెట్టే గ్రీజు కలిపాం. కలిపాం అంటే ఆమె కలిపింది, నేను మాట్లాడాను. ఇక్కడ పెంచే నాచు నుంచి నూనె తీస్తారు. అందులో సబ్బు పొడి పోసి వేడిచేస్తూ తిప్పాలి.

"ఎంత సిక్కగా ఉండాలి పిన్నీ?"

చిక్కదనం కొలిచే పరికరం ఒకటుంది. సామాను సర్దేటప్పుడు బరువెందుకని నేనే తీసేయించాను. నా వేళ్ళుండగా అది దేనికి అన్నాను. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య కాస్త నలిపితే చాలు, నాకు తెలిసిపోతుంది. గిన్నె నా ముందే ఉంది. ఈ పచ్చ తొడుగులు వేసుకుని దాని ముందు పెళ్ళికూతురిలా చేతులు ముడుచుకుని నిలబడ్డాను.

"గారెల పిండి తెలుసుగా? గరిటె ఎత్తితే జారీ జారనట్టు, ముద్దముద్దగా పడుతుంది చూడు, అలా," అన్నాను.

పైడితల్లి ముఖం విప్పారింది. "అదైతే రోజూ సూస్తాను కదేటి!"

ఇంకొంచెం నూనె పోసి, తిప్పి, గరిటె ఎత్తింది. జారీ జారనట్టు, ముద్దముద్దగా పడింది. అచ్చం మా ఇంట్లో పడ్డట్టే పడింది. "ఇదే! సరిగ్గా ఇంతే!" అని చప్పట్లు కొట్టబోయి ఆగాను. చప్పట్లు పనిలోకి వస్తాయో రావో తెలియదు.

చేతులు: ఏమీ చేయలేదు.

ఐదో రోజు

పైడితల్లి గ్రీజును చిన్న మూతలో వేసుకుని దానయ్యకు చూపించింది. ఆయన రెండు వేళ్ళతో తీసుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు నలిపాడు. పనిమంతుడి వేళ్ళు చూస్తే నాకు ముచ్చటేసింది.

"పల్చన కాదేటి తల్లీ?"

"కాదు బాబాయిగారూ. మీ పాత పంకా తిరుగుడు వేరు, దీని తిరుగుడు వేరు. పడే తీరు నా కళ్ళతో చూశానుగా, ముప్ఫై ఏళ్ళ నుంచీ చూస్తున్నదే."

"అలగైతే మీ మాటే," అని వేళ్ళు దుప్పటికి తుడుచుకున్నాడు.

చేతులు: ఏమీ చేయలేదు.

ఆరో రోజు

పంకా తిరిగింది. మూడో సొరంగంలో గుమ్మాలకు కట్టిన రంగుగుడ్డలు ఒక్కసారిగా ఊగాయి. జనం బయటికొచ్చి ముఖాలు ఎత్తి నిలబడ్డారు. అరువు గొట్టం విప్పి వెనక్కిచ్చేశారు, మళ్ళీ వేయాలంటే వారం పనట. దానయ్య మంచం మీద లేచి కూర్చుని దగ్గకుండా పది మాటలు వరసగా మాట్లాడాడట, పైడితల్లి ఆ కబురు మోసుకొచ్చి నా భుజం పట్టుకుని ఊపేసింది. నాకు బోలెడంత గర్వమేసింది, దాచుకోవడమెందుకు.

చేతులు: ఏమీ చేయలేదు.

తొమ్మిదో రోజు

బేరింగు మూత కింద నూనె తడి కనిపించింది. పైడితల్లి తుడిచింది. గంటకి మళ్ళీ వచ్చింది. గ్రీజు కారకూడదు. ఎందుకు కారుతోందో నాకు అంతుపట్టలేదు.

మధ్యాహ్నం హాస్టల్లో మళ్ళీ ఆ చప్పిడి గారెలే. విసుగొచ్చి, పిండిలో అన్ని నీళ్ళెందుకు పోస్తారు అన్నాను. పక్కన తింటున్న పైడితల్లి నవ్వింది.

"గట్టిగా రుబ్బితే సేతినొదలదు పిన్నీ. నూనిలో పడదు. పల్చన సేస్తేనే జారతాది."

అప్పుడు తట్టింది నాకు. ఇక్కడ అన్నిటి బరువూ ఆరో వంతు. గట్టి పిండిని కిందికి లాగే బరువే లేదు. మా ఇంట్లో పడ్డట్టు ఇక్కడ పడాలంటే అది మా ఇంటి పిండికంటే ఎన్నో రెట్లు పలచనై ఉండాలి. నా కళ్ళు చూసింది నిజమే. కానీ ఆ కళ్ళు తెనాలివి. ఒక్కసారి వేళ్ళతో నలిపితే క్షణంలో తెలిసిపోయేది. నలిపిన మనిషి చెప్పాడు కూడా. నేనే కాదన్నాను.

తినడం ఆపి జోగారావు దగ్గరికి పరుగెత్తాను. పంకా ఆపాలి, బేరింగులు విప్పాలి, గ్రీజు మార్చాలి, నాలుగైదు గంటల పని అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. పంకా ఆపాలంటే ముందు నాలుగొందల మందిని వేరే సొరంగాలకు మార్చాలి, వార్డు మంచాలు మోయాలి, కమిటీ ఒప్పుకోవాలి. తిరిగి తిరిగి సాయంత్రానికి మాట తెచ్చాడు. పన్నెండో రోజు పొద్దున ఆపుతారు.

చేతులు: ఏమీ చేయలేదు.

పదో రోజు

పంకా గది వదిలి రాలేకపోతున్నాను. పైడితల్లి ఇనుప చువ్వ ఒక కొస బేరింగుకు ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని విన్నది. నేనే నేర్పాను.

"ఏం వినిపిస్తోంది?"

"గరగరమంటన్నాది."

"ఎలాంటి గరగర? ఇసుక నమిలినట్టా, గొంతు పట్టేసినట్టా?"

ఆ పిల్ల పాపం మళ్ళీ చెవి ఆనించి విని, "గరగరే పిన్నీ," అంది. ఆ చువ్వ నా చెవికి జానెడు దూరంలో ఉంది. పరీక్షంటే పనే. దగ్గరికెళ్ళి తల వంచినా తొడుగులు కూస్తాయేమోనని భయమేసి చేతులు వెనక్కి పెట్టుకున్నాను. కొత్త గ్రీజు కలపడానికి నాచు నూనె రేపు పొద్దునగానీ రాదట, అందుకని ఆమెచేత కారిన తావులో మళ్ళీ మళ్ళీ మిగిలిన పాత గ్రీజే నింపించాను. నింపిన కొద్దీ కారింది.

ఇంకో రెండు రోజులు నడిస్తే చాలు. యంత్రానికి దండం పెట్టుకున్నాను, అదీ దూరం నుంచే.

చేతులు: దండం పెట్టాను.

పద్నాలుగో రోజు

ఓడలో కూర్చుని రాస్తున్నాను. పదకొండో రోజు నుంచి ఈ పుస్తకం సీలులో ఉంది. పొద్దున గేటు దగ్గర ఇచ్చారు. పదకొండో రోజు సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి పంకా ఒక అరుపు అరిచి బిగుసుకుపోయింది. గాలి ఆగిన సొరంగానికి తలుపులు వాటంతట అవే పడిపోతాయి, మిగతా ఊరి క్షేమం కోసం. నాలుగొందల మందీ, వార్డులో పదకొండుగురూ, పంకా గదిలో మేమిద్దరం, నన్ను కనిపెట్టి ఉండడానికొచ్చిన జోగారావూ లోపలే ఉండిపోయాం. వార్డువాళ్ళకు తలా ఒక గాలి సీసా ఇచ్చారు. రెండు గంటలొస్తుంది. మాకు నాలుగు గంటల పనుంది.

పైడితల్లి వెంటనే మూత బోల్టులు పట్టింది. నేను చెప్పడం, ఆమె విప్పడం. పక్కనున్న పానా అందివ్వడానికి కూడా నాకు హక్కు లేదు. నేను ముట్టుకుంటే యంత్రానికి మూడు రోజులు సీలు. ఆమె అటు వంగి విప్పుతుంటే, కావలసిన పనిముట్టు నా కాళ్ళ దగ్గరుంటే, "నీ ఎడమవైపు, ఇంకా వెనక్కి, అదిగో" అని గొంతు పోయేలా చెప్పాను.

బేరింగులు ఊడివచ్చాయి. ఒకటి నల్లగా కాలిపోయింది, అదనపుది ఉంది కాబట్టి సరిపోయింది. ఇక గ్రీజు కలపాలి. ఈసారి ఎంత చిక్కగా? పైడితల్లి నావైపు చూసింది. ఆ పిల్లకు తెలిసిన పిండీ, మట్టీ, జిగురూ అన్నీ ఇక్కడివే. నాకు తెలిసినవేవీ ఆమె వేళ్ళకు తెలియవు.

"తాతని తీసుకొస్తాను," అని ఆమే పరుగెత్తింది.

జోగారావూ ఆమే దానయ్యను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. తొమ్మిదేళ్ళ వయసులో కింద నుంచి వచ్చిన మనిషి. ఈ ఊళ్ళో భూమిని ముట్టుకున్న వేళ్ళు ఇక అవొక్కటే.

"బాబాయిగారూ, మీ చిన్నప్పుడు పనసకాయ కోసేవాళ్ళు కదూ? ఆ జిగురు వేళ్ళకు అంటుకుంటే ఎలా ఉండేది?"

ఆయన సీసా గొట్టం నోటి నుంచి తీసి నవ్వాడు. "మా మేనత్త పెరట్లో... పనస సెట్టు. జిగురంటితే నూనె రాసినా పోదు. అత్త తిట్టీది."

"అదే. రెండు వేళ్ళ మధ్య తీగ సాగాలి, తెగకూడదు."

పైడితల్లి సబ్బు పొడి పోస్తూ తిప్పింది. ఆయన నలిపి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ పోసింది. మళ్ళీ అడ్డంగా ఊపాడు. ఐదోసారి వేళ్ళు విడదీసి సన్నటి తీగ చూపించాడు. "ఇదీ," అని ఆమె వేళ్ళు పట్టుకుని తన వేళ్ళ మధ్య పెట్టి నలిపించాడు. "నీ ఏళ్ళతో గుర్తెట్టుకో. మరి నన్నడక్కు."

అప్పటికి ఆయన సీసా అయిపోయింది. పైడితల్లి బేరింగుల దగ్గరికి పోయింది. ఇంకా గంటన్నర పని.

గాలి ఆడని చోట ఇక్కడ మనిషి వదిలిన ఊపిరి ముఖం చుట్టూనే నిలిచిపోతుంది. పక్కకు పోయేంత బరువు దానికి లేదు. వార్డులో ఎవరి మనుషులకు వాళ్ళు గుడ్డలతో విసురుతున్నారు. దానయ్య పెదాలు నీలమవుతున్నాయి. ఆయనకు విసిరే మనిషి బేరింగు బిగిస్తోంది. నా చేతిలో ఈ పుస్తకం ఉంది. దాంతోనే విసిరాను.

తొడుగులు కూశాయి. నేను ఆపలేదు. ఆయన ముఖం మీదికి గాలి పోతున్నకొద్దీ కళ్ళు తెరుచుకున్నాయి. జోగారావు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

"ఆపండి తాయారమ్మగారూ. గాలి ఆడించడం పంకా మేస్త్రీ పని. ఇప్పుడైతే పుస్తకానికే సీలు. ఆపి మళ్ళీ ఎత్తినారంటే రెండోసారి కింద లెక్క. గది సీలు పడతాది. లోపల పైడితల్లుంది, పంకా ఉంది."

"ఆపకుండా విసిరితే?"

"ఆరు నిమిషాలైతే అదే రెండోసారి."

దానయ్య నా తొడుగు మీద వేలితో తట్టాడు. "ఒద్దు తల్లీ," అన్నాడు. "ఆ నియమం నాను రాసిందే."

జోగారావు గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఆరో నిమిషం నిండకముందే పుస్తకం ఆయన చేతికిచ్చి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన తన నియమాల పుస్తకం తెరిచి విసరడం మొదలుపెట్టాడు. కుట్లు ఊడిన పుస్తకం, కాగితాలు రాలిపోతున్నాయి. ఎలా విసరాలో తెలియదు పాపం, గాలి ఆయన ముఖానికే కొట్టుకుంటోంది. "కిందినుంచి పైకి, మణికట్టుతో" అని చెప్పాను. చెప్పడానికి నాకు అనుమతి ఉంది. దానయ్య చేయి నా మోకాలి పక్కనే వేలాడుతోంది. పట్టుకోవచ్చా అని జోగారావుని అడిగాను. ఆయన విసురుతూనే, ఏడుస్తూనే, "నాకు తెలీదమ్మా, దాని గురించి రాయలేదు," అన్నాడు. నేను పట్టుకోలేదు. భయపడ్డాను. కూస్తే గది పోతుందని భయపడ్డాను.

దానయ్య పోయిన నలభై నిమిషాలకు పంకా తిరిగింది. వార్డులో మిగతా పదిమందీ బతికారు. తలుపులు లేచాయి. పైడితల్లి గ్రీజు చేతులతో పరుగెత్తుకొచ్చి, కుర్చీ దగ్గర ఆగిపోయింది.

తర్వాత నావైపు తిరిగింది. "మొదటిసారీ మీరు సెప్పినట్టే సేసినాను పిన్నీ," అంది. నిందగా అనలేదు. నిందించినా బాగుండేది. నాదే తప్పు, ఆయన పలచన అన్నాడు, నేనే వినలేదు అన్నాను. ఆమె తల ఊపి, తాత ముఖం తుడవడానికి శుభ్రమైన గుడ్డ వెతకడానికి పోయింది.

ఈ పొద్దున గేటు దగ్గర జోగారావు ఫారం ఇచ్చాడు. ఆఖరి ప్రశ్న: ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మీరు ఏదైనా పని చేశారా? పుస్తకంతో విసరడం రాయాలా అని అడిగాను. "ఫలితం లేని పనిని రాయనక్కర్లేదు తాయారమ్మగారూ," అని తల దించుకున్నాడు. లేదు అని రాశాను. పుస్తకం సీలు విప్పి ఇచ్చి, నా తొడుగులు ఊడదీశాడు.

గేటు దగ్గర నేల మీది సరిహద్దు గీత ఇవతలికి వచ్చాక పైడితల్లి పిలిచింది. ఆ గీత దాటితే నేను గవ్వపేటలో లేనట్టే. ఆమె కుడిచేయి చాపింది. రెండు వేళ్ళ మీద గ్రీజు. ఈ రోజు కలిపింది, ఎవరినీ అడగకుండా. నేను నా వేళ్ళతో తీసుకుని నలిపాను. పద్నాలుగు రోజుల్లో మొదటిసారి. తీగ సాగింది, తెగలేదు.

"ఇదే," అన్నాను.

"తెలుసు పిన్నీ," అంది.

ఓడ కదిలింది. చేయి కడుక్కోలేదు, ఈ పేజీకి మరకలయ్యాయి. ఈ పుస్తకం ఇక ఎవరికీ చూపించనక్కర్లేదు. అయినా అలవాటుగా ఆఖరి లైను రాస్తున్నాను.

చేతులు: ఏమీ చేయలేదు.